జీన్ క్లోనింగ్‌కు ఏ పద్ధతి పట్టుకోవాలి? నల్గొండ, పాలమూరు ల్యాబుల్లో పని జరిగేలా ఒక పోలిక

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో ప్రాజెక్టు మొదలవగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. జీన్ దొరికింది, వెక్టర్ (జీన్‌ను బాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ) ఉంది, రెండింటినీ కలిపేదెట్లా? సిలబస్‌లో డీఎన్‌ఏను కోసే రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు, అతికించే లైగేజ్ ఉంటాయి. కొత్త పేపర్లు తిరగేస్తే గిబ్సన్ అసెంబ్లీ, గోల్డెన్ గేట్ కనిపిస్తాయి. పాతది చేస్తే వెనకబడినట్టు అనిపిస్తుంది, కొత్తది చేద్దామంటే కిట్టు ధర భయపెడుతుంది. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, వాటి కింది కాలేజీల్లో చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాం.

ముందే తేల్చి చెప్పాలంటే, ఒక జీన్‌ను ఒక వెక్టర్‌లో పెట్టడమే పనైతే పాత పద్ధతే చాలు. జీన్ మధ్యలో మీ ఎంజైమ్ కోసే సైట్ ఉన్నా, రెండు మూడు ముక్కలు ఒకేసారి కలపాల్సి ఉన్నా గిబ్సన్‌కు వెళ్లండి. ఒకే రకం ముక్కలతో పదీ ఇరవై నిర్మాణాలు కట్టాలంటేనే గోల్డెన్ గేట్. సీక్వెన్సింగ్ కోసం పీసీఆర్ ముక్కను నిలబెట్టుకోవడానికి టీఏ వెక్టర్. మిగతాదంతా ఈ నాలుగు మాటలకు వివరణ, మినహాయింపులే.

అసలు క్లోనింగ్ కావాలా?

చెల్కలో మట్టి తీసి, అమైలేజ్ చేసే బాక్టీరియాను వేరు చేసి, జాతిని గుర్తుపట్టే 16ఎస్ జీన్‌ను క్లోన్ చేసి సీక్వెన్స్ చేయడం మన దగ్గర చాలా ప్రాజెక్టుల నమూనా. ఒంటి కాలనీ నుంచి వచ్చిన శుద్ధమైన కల్చర్ అయితే అక్కడ క్లోనింగ్ అక్కరలేదు. 1,500 బేస్‌ల పీసీఆర్ ముక్కను కాలమ్ మీద శుభ్రం చేసి, అవే ప్రైమర్లతో రెండు వైపుల నుంచి నేరుగా సీక్వెన్సింగ్‌కు పంపొచ్చు. మట్టి నుంచి నేరుగా తీసిన డీఎన్‌ఏలో అయితే పదుల జాతులు కలిసి ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్నీ విడదీయడానికి క్లోనింగ్ కావాలి. పత్తి ఆకులో క్రై1ఏసీ (బీటీ పత్తిలో పెట్టే) జీన్ ఉందో లేదో తెలుసుకోవడానికీ పీసీఆర్, జెల్ చాలు. అక్కడ అసలు తలనొప్పి పత్తి ఆకులోని పాలీఫినాల్స్. డీఎన్‌ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పీవీపీ, బీటా మెర్కాప్టోఇథనాల్ వేయకపోతే డీఎన్‌ఏ గోధుమరంగుకు తిరుగుతుంది, పీసీఆర్ ఆగిపోతుంది. లేత ఆకు తీసుకుంటే సగం బాధ తగ్గుతుంది.

కోసి అతికించడం

ఇక అదే అమైలేజ్ జీన్‌ను ప్రోటీన్‌గా తీయాలనుకుందాం. బాక్టీరియా జీన్ కాబట్టి ఇంట్రాన్ల గొడవ లేదు, జీనోమిక్ డీఎన్‌ఏ నుంచే పీసీఆర్ చేయొచ్చు. పొడవు 1,500 బేస్‌లనుకోండి. వెక్టర్ పీఈటీ-28ఏ, 5,369 బేస్‌లు, కనమైసిన్ నిరోధకత. ఎన్‌డీఈ-1, ఎక్స్‌హెచ్‌ఓ-1 సైట్ల మధ్య పెడితే ప్రోటీన్ ముందు, నికెల్ కాలమ్‌కు అంటుకునే హిస్టిడిన్ ట్యాగ్ వస్తుంది. ఎన్‌డీఈ-1 సైట్‌లోనే ఏటీజీ (ప్రోటీన్ మొదలయ్యే కోడాన్) ఉంటుంది కాబట్టి ఫ్రేమ్, అంటే కోడాన్లు చదివే వరుస, తప్పే భయం తక్కువ. వెనక ట్యాగ్ మాత్రమే కావాలంటే ముందు వైపు ఎన్‌సీఓ-1 వాడి, రివర్స్ ప్రైమర్‌లో స్టాప్ కోడాన్ తీసేసి, ఎక్స్‌హెచ్‌ఓ-1 దగ్గర ఫ్రేమ్ కలిసేలా చూసుకోవాలి. స్టాప్ తీయడం మరిచిపోయి, ప్రోటీన్ నికెల్ కాలమ్‌కు ఎందుకు అంటుకోవడం లేదని వారాలు వెతికేవాళ్లు తక్కువేం కాదు.

ప్రైమర్ ఆర్డర్ ఇచ్చే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది, జీన్ సీక్వెన్స్‌లో ఆ ఎంజైమ్‌ల సైట్లు లేవని చూసుకోవడం. ఆరు బేస్‌ల సైట్ లెక్క ప్రకారం ప్రతి 4,096 బేస్‌లకు ఒకసారి తగులుతుంది, 1,500 బేస్‌ల జీన్‌లో ఉండటం వింతేమీ కాదు. రెండోది, సైట్‌కు ముందు ఆరు అదనపు బేస్‌లు పెట్టడం. ఎంజైమ్‌కు డీఎన్‌ఏ మీద కూర్చోవడానికి చోటు కావాలి. కొసన ఒకటి రెండు బేస్‌లే ఉంటే కోత సరిగా పడదు, ఎన్‌డీఈ-1 ఈ విషయంలో మరీ మొండిది. జెల్ మీద కోసిన ముక్కా కోయని ముక్కా ఒకే ఎత్తులో కనిపిస్తాయి, పది బేస్‌ల తేడాను అగరోజ్ చూపించలేదు. అందుకే ఈ తప్పు లైగేషన్ విఫలమయ్యేదాకా బయటపడదు.

కోతకు 50 మైక్రోలీటర్ల రియాక్షన్ తీసుకోండి: వెక్టర్ 2 మైక్రోగ్రాములు, పదింతల బఫర్ 5 మైక్రోలీటర్లు, ఒక్కో ఎంజైమ్ 1 మైక్రోలీటర్, మిగతా న్యూక్లియేజ్ లేని నీళ్లు. 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు. రెండు ఎంజైమ్‌లూ ఒకే బఫర్‌లో పనిచేస్తాయో లేదో కంపెనీ పట్టికలో చూసుకోవాలి. ఎంజైమ్‌లు 50 శాతం గ్లిజరాల్‌లో వస్తాయి. మొత్తం రియాక్షన్‌లో ఎంజైమ్ పదో వంతు దాటితే గ్లిజరాల్ 5 శాతం మించుతుంది, అప్పుడు ఎంజైమ్ తన సైట్‌ను పోలిన వేరే చోట్లా కోయడం మొదలుపెడుతుంది. దీన్నే స్టార్ యాక్టివిటీ అంటారు. తొందర పడి ఎక్కువ ఎంజైమ్ పోయడం, రాత్రంతా వదిలేయడం రెండూ అక్కడికే దారి తీస్తాయి.

మిథైలేషన్ సంగతీ గుర్తుంచుకోండి. డీహెచ్5 ఆల్ఫా అనే ఈ.కోలై రకంలో పెంచిన ప్లాస్మిడ్‌లో జీఏటీసీ ఉన్నచోట డ్యామ్ మిథైలేషన్ (డ్యామ్ అనే ఎంజైమ్ పెట్టే మిథైల్ గుర్తు) ఉంటుంది. ఎక్స్‌బీఏ-1 సైట్ పక్కన బేస్‌లు కలిసి జీఏటీసీ ఏర్పడితే ఆ సైట్ కోయబడదు. ఎంజైమ్ చచ్చిపోయిందని కొత్తది తెప్పించే ముందు సీక్వెన్స్ ఒకసారి చూడండి.

జెల్ నుంచి ముక్క కోసి తీసేటప్పుడు యూవీ కింద ఎక్కువసేపు ఉంచితే థైమిన్లు జతకట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. బ్లూ లైట్ ఉంటే అదే వాడండి. లేకపోతే 365 నానోమీటర్ల యూవీ కింద కొన్ని సెకన్లలో కోసేయాలి. కాలమ్ వాష్ ఒకసారి ఎక్కువే చేయండి, మిగిలిపోయిన గ్వానిడిన్ ఉప్పు లైగేజ్‌ను ఆపుతుంది. నానోడ్రాప్‌లో 260/230 నిష్పత్తి మరీ తక్కువగా వస్తే ఆ ఉప్పే కారణమని అనుమానించాలి.

లైగేషన్‌లో నానోగ్రాముల లెక్క కాదు, అణువుల లెక్క చూడాలి. వెక్టర్ ఒకటికి ఇన్‌సర్ట్ (అందులో పెట్టే ముక్క) మూడు. వెక్టర్ నానోగ్రాములను ఇన్‌సర్ట్ పొడవుతో హెచ్చించి, వెక్టర్ పొడవుతో భాగించి, మూడుతో హెచ్చించాలి. మన ఉదాహరణలో 50 నానోగ్రాముల పీఈటీ-28ఏకు 1,500 బేస్‌ల ఇన్‌సర్ట్ సుమారు 42 నానోగ్రాములు. 10 లేదా 20 మైక్రోలీటర్లలో, టీ4 లైగేజ్‌తో, 16 డిగ్రీల దగ్గర రాత్రంతా.

ఇక్కడే మన ఎండల మాట వస్తుంది. ప్రోటోకాల్‌లో "గది ఉష్ణోగ్రత దగ్గర గంట" అని ఉంటుంది. రాసినవాళ్ల గది 22 డిగ్రీలు. ఏప్రిల్‌లో నల్గొండ ల్యాబులో ఏసీ లేకపోతే అది 38 కూడా కావచ్చు. రెండు, నాలుగు బేస్‌ల అతుకు కొసలు ఆ వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని నిలవవు. లైగేజ్ బాగానే ఉన్నా అతికించడానికి దానికి కొసలు దొరకవు. థర్మోసైక్లర్‌లో 16 డిగ్రీలు పెట్టి వదిలేయండి, అదీ కుదరకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. లైగేజ్ బఫర్‌ను పదేసి మైక్రోలీటర్లుగా పంచి గడ్డకట్టించాలి, కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే అందులోని ఏటీపీ పాడవుతుంది. కరెంటు కోతల్లో ఫ్రీజర్ కరిగి మళ్లీ గట్టిపడటమూ అదే లెక్కలోకి వస్తుంది. లైగేషన్ వరుసగా విఫలమైతే ముందు బఫర్ మార్చండి, ఆ తర్వాతే లైగేజ్‌ను అనుమానించండి.

టీఏ వెక్టర్, బ్లంట్ వెక్టర్

ట్యాక్ పాలిమరేజ్ ముక్క కొసన ఒక ఏ బేస్ అదనంగా తగిలిస్తుంది, టీ వెక్టర్ కొసన టీ ఉంటుంది, రెండూ కలుస్తాయి. ఎంజైమ్ సైట్లు అక్కరలేదు, ప్రైమర్ చిన్నది. పీసీఆర్ చివర 72 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు అదనంగా ఇచ్చి, ముక్కను తాజాగా వాడాలి. నిల్వ ఉంచితే ఆ ఏ కొస ఊడిపోతుంది. క్యూ5, ఫ్యూజన్, పీఎఫ్‌యూ లాంటి ప్రూఫ్‌రీడింగ్ పాలిమరేజ్‌లతో తీసిన ముక్కకు ఏ కొస ఉండదు. దాన్ని నేరుగా టీ వెక్టర్‌లో పెడితే నీలం కాలనీలు, అంటే ఇన్‌సర్ట్ లేనివి, తప్ప ఏమీ రావు. ముందు కాలమ్ మీద పాలిమరేజ్‌ను తీసేసి, ట్యాక్, డీఏటీపీ వేసి 72 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. కాలమ్ మెట్టు వదిలేస్తే పాత ప్రూఫ్‌రీడింగ్ ఎంజైమ్ పెట్టిన ఏను పెట్టినట్టే కొరికేస్తుంది.

ఈ తిప్పలేవీ వద్దంటే పీజెట్1.2 లాంటి బ్లంట్ వెక్టర్ మేలు. అందులో బాక్టీరియాను చంపే జీన్ ఉంటుంది, మధ్యలో ఇన్‌సర్ట్ పడితేనే అది పనిచేయకుండా పోయి కాలనీ బతుకుతుంది. నీలం, తెలుపు చూసే పని లేదు, ఎక్స్-గాల్ ఖర్చూ లేదు.

రెండింటికీ ఉన్న లోపం దిశ. ముక్క ఎటు తిరిగి పడుతుందో చెప్పలేం. సీక్వెన్సింగ్‌కు ఫరవాలేదు, ప్రోటీన్ తీయడానికి పనికిరాదు. అయినా ప్రోటీన్ పనికీ వీటిని మధ్య మజిలీగా వాడమనే మా సలహా. అమైలేజ్ ముక్కను ఎన్‌డీఈ-1, ఎక్స్‌హెచ్‌ఓ-1 సైట్లతో సహా ముందు పీజెట్‌లో పెట్టి, సీక్వెన్స్ సరిచూసుకుని, ఆ ప్లాస్మిడ్‌ను కోసి పీఈటీలోకి మార్చండి. ప్లాస్మిడ్ లోపలి సైట్లు చక్కగా కోయబడతాయి, కోత పడిందో లేదో జెల్ మీద కంటికి కనిపిస్తుంది. నాలుగైదు రోజులు ఎక్కువ పడుతుంది, కానీ కొసల దగ్గర కోత పడని బాధ మొత్తం తప్పుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన దారి.

గిబ్సన్

2009లో డేనియల్ గిబ్సన్ బృందం ప్రచురించిన పద్ధతి. ఒకే గొట్టంలో మూడు ఎంజైమ్‌లు పనిచేస్తాయి. టీ5 ఎక్సోన్యూక్లియేజ్ 5 ప్రైమ్ కొసలను కొరికి ఒంటి పోగులు బయటపెడుతుంది, ఒకేలా ఉన్న పోగులు జతకడతాయి, పాలిమరేజ్ ఖాళీలు పూడుస్తుంది, ట్యాక్ లైగేజ్ అతుకు వేస్తుంది. 50 డిగ్రీలు, రెండు మూడు ముక్కలకు 15 నిమిషాలు, నాలుగు నుంచి ఆరింటికి గంట. డ్రై బాత్ చాలు, థర్మోసైక్లర్ లేకపోయినా నడుస్తుంది.

జీన్ మధ్యలో ఏ సైట్లు ఉన్నా దీనికి పట్టింపు లేదు, అతుకు దగ్గర ఒక్క అదనపు బేస్ కూడా మిగలదు. ఖర్చు రెండు చోట్ల పడుతుంది. ఒకటి మాస్టర్ మిక్స్. రెండోది ప్రైమర్లు: జీన్‌కు అతుక్కునే 20 బేస్‌లు, పక్క ముక్కతో కలిసే 20 నుంచి 25 బేస్‌లు, అంటే ఒక్కో ప్రైమర్ 40 దాటుతుంది. పీసీఆర్‌లో టీఎం (ప్రైమర్ డీఎన్‌ఏ నుంచి విడిపోయే ఉష్ణోగ్రత) లెక్క వేసేటప్పుడు జీన్‌కు అతుక్కునే భాగానికే వేయాలి, మొత్తం ప్రైమర్‌కు వేస్తే అనీలింగ్ ఉష్ణోగ్రత మరీ ఎక్కువై ముక్కే రాదు.

గిబ్సన్‌లో ప్లేట్ నిండా కాలనీలు వచ్చి ఒక్కదాంట్లోనూ ఇన్‌సర్ట్ లేకపోతే, వెక్టర్‌ను పీసీఆర్‌తో తీసినప్పుడు వేసిన అసలు ప్లాస్మిడ్ మిగిలిపోయి ఉంటుంది. డీపీఎన్-1 వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచితే మిథైలేట్ అయిన ఆ పాత ప్లాస్మిడ్ ముక్కలైపోతుంది, పీసీఆర్‌లో పుట్టిన డీఎన్‌ఏకు ఏమీ కాదు. అసలు కాలనీలే రాకపోతే కాంపిటెంట్ సెల్స్‌ను (డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా తయారుచేసిన బాక్టీరియాను) చూడండి. రియాక్షన్ మిశ్రమం 50 మైక్రోలీటర్ల సెల్స్‌కు 2 మైక్రోలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ కాలనీలు రావు, మిక్స్‌లోని పదార్థాలు సెల్స్‌ను దెబ్బతీస్తాయి.

గోల్డెన్ గేట్

2008లో ఎంగ్లర్, మరిలోనే బృందం చూపించినది. బీఎస్ఏ-1 లాంటి ఎంజైమ్ తన సైట్‌లో కాకుండా పక్కకు జరిగి కోస్తుంది, అందుకే నాలుగు బేస్‌ల కొసను మనకు నచ్చినట్టు రాసుకోవచ్చు. కోత, అతుకు ఒకే గొట్టంలో: 37 డిగ్రీలు, 16 డిగ్రీలు మార్చి మార్చి 30 సార్లు, చివర 60 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. సరిగ్గా అతికిన చోట సైట్ మిగలదు కాబట్టి మళ్లీ కోత పడదు. పది ముక్కలనూ వరుసలో పేర్చగలదు.

చిక్కేమిటంటే, బీఎస్ఏ-1 సైట్ అటునుంచి ఇటునుంచి ఒకేలా చదవబడేది కాదు. కాబట్టి రెండు పోగుల్లో ఎక్కడున్నా లెక్కే, సగటున ప్రతి 2,048 బేస్‌లకు ఒకటి తగులుతుంది. మీ జీన్‌లో ఉంటే ముందు దాన్ని మార్చుకోవాలి. పీయూసీ19లోని ఆంపిసిలిన్ జీన్‌లోనే ఒకటుంది. ఒక్క జీన్ కోసం ఇంత తతంగం అనవసరం. ఒకే జీన్‌కు ఐదు ప్రమోటర్లు, నాలుగు ట్యాగులు మార్చి చూసే పని అయితే మాత్రం దీన్ని మించింది లేదు.

గేట్‌వే అనే ఇంకో క్లోనింగ్ పద్ధతి గురించి ఒక్క మాట: మీ గైడ్ దగ్గర ఇప్పటికే ఎంట్రీ క్లోన్లు, క్లోనేజ్ ఎంజైమ్ ఉంటే వాడండి, లేకపోతే ఆ ఖర్చు పెట్టుకోవద్దు.

చిన్న ముక్కల సంగతి వేరు

ఫ్లోరైడ్ నీళ్ల నల్గొండకు తగిన ప్రాజెక్టు ఒకటుంది, అందులో పై పద్ధతుల్లో చాలావరకు పనికిరావు. ఫ్లోరైడ్ తగిలితే జీన్‌ను ఆన్ చేసే ఆర్‌ఎన్‌ఏ మీట, అంటే ఫ్లోరైడ్ రైబోస్విచ్, బాక్టీరియాలో ఉందని 2012లో తేలింది. దాన్ని మెరిసే ప్రోటీన్ అయిన జీఎఫ్‌పీ జీన్ ముందు పెడితే నీళ్లలో ఫ్లోరైడ్‌ను చూపించే సెన్సర్ అవుతుంది. ముక్క పొడవు సుమారు నూరు బేస్‌లే. 200 బేస్‌ల లోపు ముక్కను గిబ్సన్‌లో వేస్తే టీ5 దాన్ని పూర్తిగా తినేసే ప్రమాదం ఉంది.

ఇక్కడ పీసీఆర్ కూడా వద్దు. రెండు పోగులనూ ఆలిగోలుగా (తయారుచేయించిన చిన్న ఒంటి పోగు డీఎన్‌ఏలుగా) ఆర్డర్ ఇచ్చి, కలిస్తే కొసలు వెక్టర్ కోతకు సరిపోయేలా రాసుకోండి. ఒక్కోటి 10 మైక్రోమోలార్, 10 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ ఉప్పు, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చాలి. తర్వాత నూరు రెట్లు పలచన చేసి 1 మైక్రోలీటర్ వాడితే 50 నానోగ్రాముల 3,000 బేస్‌ల వెక్టర్‌కు దాదాపు నాలుగింతల అణువులు దొరుకుతాయి. పలచన చేయకుండా పోయడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. వెక్టర్‌కు ఫాస్ఫటేజ్ వేస్తే ఆలిగోలకు టీ4 కైనేజ్‌తో ఫాస్ఫేట్ పెట్టాలి, లేకపోతే అతుకు పడదు. నూరు బేస్‌ల ఆలిగోలలో బేస్‌లు ఊడిపోవడం సాధారణం, శుద్ధి చేసినవే కొని కనీసం నాలుగు కాలనీలు సీక్వెన్స్ చేయించండి. ఈ.కోలైకి ఫ్లోరైడ్‌ను బయటికి పంపే సీఆర్‌సీబీ ప్రోటీన్ సొంతంగా ఉంటుంది. మామూలు స్ట్రెయిన్‌లో సెన్సర్ మొద్దుగా ఉంటుంది, తాగునీటి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఏమీ చూపించకపోవచ్చు. ఆ జీన్ తీసేసిన స్ట్రెయిన్ గానీ, సెల్ లేని వ్యవస్థ గానీ కావాలి.

పద్ధతి మార్చే ముందు సెల్స్‌ను కొలవండి

క్లోనింగ్ కుదరలేదని వచ్చేవాళ్లలో చాలామందికి చెడింది పద్ధతి కాదు, కాంపిటెంట్ సెల్స్. 100 పికోగ్రాముల పీయూసీ19 వేసి మొత్తం ప్లేట్ చేయండి. 100 కాలనీలు వస్తే మైక్రోగ్రాముకు 10 లక్షల సామర్థ్యం. ఒక ఇన్‌సర్ట్‌తో అతుకు కొసల లైగేషన్‌కు అది చాలు. నాలుగు ముక్కల గిబ్సన్‌కు కనీసం 10 కోట్లు కావాలి, దానికి సెల్స్ కొనుక్కోవడమే మంచిది. మైనస్ 80 ఫ్రీజర్ లేని ల్యాబుకు ఒక ఉపాయం: కాల్షియం క్లోరైడ్‌తో చేసిన సెల్స్‌ను అదే ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర 12 నుంచి 24 గంటలు ఉంచితే సామర్థ్యం నాలుగైదు రెట్లు పెరుగుతుంది, ఆ తర్వాత పడిపోతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రం చేసి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి సెల్స్ తెప్పిస్తే డ్రై ఐస్ మీదే రావాలి. జెల్ ప్యాక్‌లతో బస్సులో వచ్చినవి కరిగి ఉంటాయి, వాటిని మళ్లీ గడ్డకట్టించి లాభం లేదు. ఎంజైమ్‌లకు మాత్రం మైనస్ 20లో గడ్డకట్టించిన జెల్ ప్యాక్‌లు, థర్మోకోల్ పెట్టె సరిపోతాయి.

ప్రతి ట్రాన్స్‌ఫార్మేషన్‌తో నాలుగు కంట్రోల్ ప్లేట్లు పెట్టండి. డీఎన్‌ఏ లేని సెల్స్ పెరిగితే యాంటీబయాటిక్ పనిచేయడం లేదు, మీడియం 50 డిగ్రీలకు చల్లారకముందే ఆంపిసిలిన్ పోసి ఉంటారు. కోయని వెక్టర్‌తో కాలనీలు రాకపోతే సెల్స్ పోయాయి. కోసి, లైగేజ్ వేయని వెక్టర్‌తో కాలనీలు వస్తే కోత పూర్తికాలేదు. లైగేజ్ వేసి ఇన్‌సర్ట్ వేయని ప్లేట్‌లో మాత్రమే అవి బాగా పెరిగితే వెక్టర్ తనకు తానే అతుక్కుంటోంది. రెండు వేర్వేరు ఎంజైమ్‌లు వాడినా ఇలా జరిగితే, ఆ రెండింటిలో ఒకటి కోయడం లేదన్నమాట.

పాలమూరు ఆముదంలోని ఒలియేట్ హైడ్రాక్సిలేజ్ జీన్ మీద చాలామందికి మోజు ఉంటుంది, రిసినోలిక్ ఆమ్లాన్ని తయారు చేసేది అదే. పొడవు సుమారు 1.2 కిలోబేస్‌లు, పై పద్ధతుల్లో దేనితోనైనా క్లోన్ అవుతుంది. కానీ అది పొరలో కూర్చునే ప్రోటీన్. పీఈటీలో పెట్టి ఈ.కోలైలో తీయాలనుకుంటే ఆరు నెలలూ కరగని ముద్దలతో గడిచిపోతాయి. దానికి ఈస్ట్ వెక్టర్ ఎంచుకోండి. ఈస్ట్ వెక్టర్లు పెద్దవి, ఒంటరి సైట్లు తక్కువ, కాబట్టి అక్కడ మొదటి రోజు నుంచే గిబ్సన్ ప్రైమర్లు ఆర్డర్ ఇవ్వడం నయం. ఏ దారిన వెళ్లినా, ప్రైమర్లు ఆర్డర్ ఇచ్చేలోపే కాలేజీ ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీకి కాగితం పెట్టేయండి, సంతకాలకు పట్టే సమయం ప్రైమర్లు రావడానికి పట్టేదానికన్నా ఎక్కువే ఉంటుంది.